పాత మందుకి కొత్త పేటెంటు

2006 జూలై 11

మా మందుల కంపెనీ ఎం.డి. వీరవెంకటసత్యనారాయణ గారు ఈరోజు పంజాగుట్ట ఆఫీసులో ఒక ఫైలు నా ముందు పెట్టారు. మూర్ఛకు వాడే మాత్ర. విదేశీ కంపెనీ ఒక్కటే అమ్ముతోంది. మా టాబ్లెట్ సిద్ధంగా ఉంది, కానీ బజారులోకి వదలలేం. ఆ విదేశీ కంపెనీ వాళ్లు ఇక్కడ పేటెంటుకి అప్లికేషన్ పెట్టారు.

మందు పాతదే. 1989లోనే బయటి దేశంలో పేటెంటు అచ్చయింది. అప్పట్లో మన దగ్గర మందుకి పేటెంటు ఇచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు చట్టం మారింది. అదే మందు స్ఫటిక రూపాన్ని మేం కొత్తగా కనిపెట్టాం అంటున్నారు వాళ్లు. అది వాళ్లకు దక్కితే ఇంకో పన్నెండేళ్లు వేరెవ్వరూ చేయకూడదు. ఏ దారిలో చేసినా ఆ స్ఫటికమే వస్తోంది మరి.

"దీన్ని ఆపాలి అనితా. ఎలాగో చూడమ్మా" అన్నారు.

ఆయనకు తెలియనిది ఒకటుంది. ఆ మాత్ర నేను రోజుకు రెండు వేసుకుంటాను.

జూలై 12

అబద్ధం రాశాను. ఒకటే వేసుకుంటున్నాను. రెండు కొనలేను.

జూలై 30

1989 పేటెంటు నాలుగోసారి చదివాను. ఐదో ఉదాహరణలో తయారీ అంతా ఉంది. కరిగించు, వేడి చెయ్, మెల్లగా చల్లార్చు, వడకట్టు. వచ్చే స్ఫటికం ఎలాంటిదో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ సందులోనే వీళ్లు దూరారు.

మరి అచ్చంగా అలాగే చేస్తే ఏం వస్తుంది?

ఎస్.ఆర్. నగర్ రూమ్‌లో నా రూమ్‌మేట్ సుమశ్రీ జావా పుస్తకం మూయకుండానే సలహా ఇచ్చింది. కెమిస్ట్రీ వదిలేసి మైత్రీవనంలో ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో చేరమంది. వింటూ ఐదో ఉదాహరణ ఇంకోసారి చదివాను.

ఆగస్టు 9

చేశాను, మా సనత్‌నగర్ ల్యాబ్‌లో. స్ఫటికం ఎలాంటిదో చూపే ఎక్స్‌రే గ్రాఫ్ చేతికొచ్చింది. వాళ్ల గ్రాఫ్ మీద మాది పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. గీత మీద గీత.

వాళ్లు కనిపెట్టామంటున్నది పాత పద్ధతిలో దానంతట అదే వస్తోంది! పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చట. చెబుతున్నాం.

నవంబర్ 21

వాళ్ల జవాబు వచ్చింది. తెలివైనవాళ్లు. మీ ల్యాబ్‌లో ఆ మందు చేస్తూనే ఉన్నారు, ఆ ధూళి గాలిలో ఉంటుంది, కంటికి కనపడని రేణువు ఒకటి పడ్డా మిగతాదంతా ఆ రూపంలోకే మారుతుంది అంటున్నారు. పాలలో తోడు పడ్డట్టు.

కాదనలేను. అలా జరుగుతుంది.

నవంబర్ 24

ల్యాబ్‌లో పడిపోయాను.

కళ్లు తెరిచేసరికి తల కింద స్వెటర్ ఉంది. అటెండర్ భిక్షపతన్నది. మాత్ర సంగతి చెప్పి, సార్‌కి తెలియనివ్వొద్దని బతిమాలాను. "సగం మందు మింగుడేందమ్మా? గిది చెప్పకుంటే ఎట్ల?" అన్నాడు. వెళ్లి చెప్పేశాడు.

నవంబర్ 25

ఉద్యోగం పోయిందనుకుంటూ వెళ్లాను. సత్యనారాయణ గారు ముందు తిట్టారు, ఎందుకు దాచావని. ఇకనుంచి మాత్రలు కంపెనీ కొనిస్తుందన్నారు. ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉండొద్దన్నారు. చివర్లో, కేసు నువ్వే నడుపు అన్నారు.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మంచి ఏడుపు.

డిసెంబర్ 3

ఆ మందు ఎప్పుడూ అడుగుపెట్టని ల్యాబ్ కావాలి. సిరిసిల్లలో నేను చదివిన డిగ్రీ కాలేజీ! అక్కడ నాకు కెమిస్ట్రీ చెప్పిన సీతాబాయి మేడమ్‌కి ఫోన్ చేశాను. ఐదో ఉదాహరణ అచ్చంగా చేస్తానన్నారు. గాజు సామాను, రసాయనాలు కొత్తవి, దుకాణం నుంచి నేరుగా ఆమె దగ్గరికే వెళ్తాయి.

ఆ మందు ముట్టినవాళ్లు గదిలోకి రాకూడదు. నేను ముట్టడమే కాదు, మింగుతున్నాను.

డిసెంబర్ 11, సిరిసిల్ల

ఉదయం 11. మేడమ్ లోపల, ఇద్దరు లెక్చరర్లు సాక్షులు. తలుపులు మూసేశారు. నేను, భిక్షపతన్న బయట చెట్టు కింద. కిటికీ అద్దంలో ఫ్లాస్క్ కనపడదు. మేడమ్ ముఖం ఒక్కటే కనిపిస్తుంది.

మధ్యాహ్నం 2. స్ఫటికం ఇంకా రాలేదని ఆమె తల అడ్డంగా ఊపారు.

3.30. మళ్లీ అడ్డంగానే. భిక్షపతన్న, "ఫికర్ చెయ్యకమ్మా" అన్నాడు. తన బీడీని మాత్రం తిరగేసి ముట్టించుకున్నాడు.

4.15. మేడమ్ వంగారు. లేవలేదు. లేచేసరికి ముఖమంతా నవ్వు.

"అచ్చిందమ్మా!" అని భిక్షపతన్న అరిచాడు. అదే స్ఫటికమో కాదో ఎక్స్‌రే చెప్పాలి అన్నాను. అనేసి, నేనూ అరిచాను.

డిసెంబర్ 19

అదే.

2007 మార్చి 14, చెన్నై

పేటెంటు ఆఫీసులో విచారణ. సిరిసిల్ల గ్రాఫ్ పెట్టాక ధూళి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పాత మందుకి కొత్త రూపం ఇస్తే చాలదు, రోగికి ఎక్కువ గుణం కనిపించాలని చట్టం. అధికారి అదే అడిగారు. తేమ పట్టదు, ఎక్కువ కాలం నిలవ ఉంటుంది అన్నారు వాళ్ల లాయరు.

నేను లేచాను. "అది డబ్బాకి మేలు సార్. వేసుకునేవాళ్లకి ఏం మేలు? నేను వేసుకుంటాను, అందుకే అడుగుతున్నాను" అన్నాను.

లాయరు కాగితాలు తిప్పారు. తిప్పుతూనే ఉన్నారు.

జూన్ 6

తిరస్కరించారు! పేటెంటు లేదు! ఆర్డరు పదిహేడు పేజీలు. సీతాబాయి మేడమ్ పేరు తొమ్మిదో పేజీలో ఉంది. ఫోన్‌లో చదివి వినిపించాను. స్పెల్లింగ్ సరిగా ఉందా అని అడిగారు.

మా టాబ్లెట్ వచ్చే నెల బజారులోకి.

నవంబర్ 2

అమీర్‌పేటలో మెడికల్ షాపు. ఓంప్రకాష్ భాయ్ మూడు స్ట్రిప్పులు పరిచాడు. మాది, పేటెంటు లేదు కాబట్టి అదే మందు చేస్తున్న ఇంకో రెండు కంపెనీలవి. సత్యనారాయణ గారు వారం నుంచి వాళ్లని తిట్టుకుంటున్నారు.

"ఏదియ్యాలె మేడమ్?"

ఆఫీసులో మాది ఉచితంగా ఇస్తారు. అయినా వేరే కంపెనీది కొన్నాను, నా డబ్బుతో, రోజుకు రెండు చొప్పున. ఊరికే.