బావగారి ఫోన్ పెట్టేసినందుకు

అక్కా,

బావగారికి నా మీద ఒళ్లు మండిపోయే ఉంటుంది. నీకు పాప పుట్టిందని ఫోన్ చేస్తే, "ఇక చాలు ఆపండి" అని పెట్టేశాను.

పోయిన వారం ఏడ్చే సీనులో నాకెంతకీ ఏడుపు రాలేదు. డైరెక్టరుగారు పక్కకి పిలిచి, "మీ అక్కకి కాన్పు కష్టమైందటమ్మా, బతకడం అనుమానమే" అన్నారు. కెమెరా ముందే కుప్పకూలిపోయాను. షాట్ అయ్యాక, "అక్క బాగానే ఉంది, సీను కోసం అన్నాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నిన్న నవ్వే సీను. సరిగ్గా అప్పుడే బావగారి ఫోన్. ఆయన చేత కూడా చెప్పిస్తున్నారనుకున్నాను.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు, ఏమనుకోకు. ఒకసారి ఫోన్ చెయ్యి. నువ్వేమీ మాట్లాడకు, పాపని ఏడవనివ్వు. ఆ ఏడుపు మాత్రం ఎవరూ చెప్పి రప్పించలేరు.

నీ చెల్లి