ఓడెక్కిన అర్చకుడు

మన ఊరు, రేపల్లె తాలూకా,
11-06-2025.

చిరంజీవి తమ్ముడు కౌండిన్యకు అన్నయ్య వెంకటరాఘవయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నా కడుపు మాత్రం ఇంకా క్షేమంగా లేదు. బాపట్లలో నువ్వూ పిల్లలూ బాగున్నారనుకుంటాను. ఫోన్ చేస్తే ఎత్తవు గనక ఉత్తరమే గతి.

నేను ఓడెక్కి శ్రీలంక వెళ్లొచ్చిన సంగతి ఈపాటికి నీకు ఎవరో ఒకరు చేరవేసే ఉంటారు. చెన్నకేశవస్వామి అర్చకుడు సముద్రం దాటాడు, ఇక గర్భగుడి గడప తొక్కకూడదని ఊళ్లో ఒకటే గోల. తెనాలి అల్లుడు గౌతమ్ నన్ను మాయచేసి తీసుకెళ్లాడనీ, ఓడ ఒడ్డు వెంబడే తిరిగొస్తుందని నమ్మించాడనీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ.

ముందు ఆ ఓడ గురించి కక్కేయాలి, లేకపోతే నాకీ వికారం తగ్గదు. అది ఓడ కాదురా, పదకొండు అంతస్తుల పెళ్లి విడిది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ లేరు, భోజనాలే ఉన్నాయి. పొద్దున లేచింది మొదలు జనం ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడే ఉంటారు. పూరీల మీద నూడుల్స్, నూడుల్స్ మీద జిలేబీ. సగం తిని సగం పారేసి మళ్లీ లైను. కోడికూరలో ఉన్న గరిటె పప్పులోకి రావడం నా కళ్లతో చూశాను. ఆ తర్వాత వెంట తీసుకెళ్లిన అటుకులూ బెల్లమే నాకు దిక్కు. మీ వదిన మాత్రం ఐస్‌క్రీం మిషను దగ్గర నుంచి కదిలితే ఒట్టు.

పైన ఈతకొలను. దాన్ని కొలను అనడానికి నోరు రావడం లేదు. పిల్లలు గంటల తరబడి అందులోనే ఉంటారు, ఒక్కడూ బయటికి పోడు. ఎందుకు పోనక్కర్లేదో నేను రాయను. పెద్దమనుషులు బనీన్లతో దిగి, నీళ్లలో నిలబడే బజ్జీలు తింటున్నారు. మనవరాలు శరణ్య నన్నూ దిగమని చెయ్యి పట్టి లాగింది. ఆ నీళ్లు కాలికి తగిలినందుకే రెండుసార్లు స్నానం చేశాను. ఓడ కాస్త ఊగితే చాలు, వరండా అంతా వాంతులు. ఆ పక్కనే ఎవరి బొజ్జ పెద్దదో పోటీ, చప్పట్లు. ఛీ!

సంధ్య వార్చుకుందామని ఓ మూల పంచపాత్ర పెట్టుకుని కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి నా ముందు కూడా లైను! ఉచితంగా ఏదో పోస్తున్నాననుకున్నారు. మన పొన్నూరు వైపు మనిషే ఒకడు చెయ్యి చాపి, పంతులుగారూ ఇందులో నిమ్మకాయ పిండారాండి అని అడిగాడు.

ఇక వాళ్లు చూపించిన శ్రీలంక దీవి. బస్సుల్లో కుక్కి తీసుకెళ్లి ఇసుకలో వదిలేశారు. కొబ్బరిబోండాంలో పంచదార పాకం పోసి, కాగితం గొడుగు గుచ్చి ఇచ్చారు. బోండాంలో పంచదార ఏంటిరా! మన సూర్యలంక బీచిలో ఎవడైనా అలా ఇస్తే ఊరుకుంటారా?

ఒడ్డు కనబడకుండా పోయినప్పుడు మాత్రం నువ్వు గుర్తొచ్చావు. ఈ ఉప్పునీళ్లు దాటినందుకా నా తమ్ముణ్ణి స్వామికి దూరం చేశారని ఏడుపొచ్చింది. గుళ్లో ఒక నెల నువ్వు, ఒక నెల నేను చేసుకునేవాళ్లం. సింగపూరు గుడిలో రెండేళ్లు దేవుడికే సేవ చేసి తిరిగొచ్చావు. సముద్రం దాటినవాడికి శాస్త్రంలో మందు లేదని పెద్దలు నీ వంతు తీసేశారు. నేనెంత వాదించినా వినలేదు. నువ్వు బాపట్ల పోయి టిఫిన్ హోటలు పెట్టుకున్నావు, మళ్లీ ఈ వీధి మొహం చూడలేదు.

ఇప్పుడు అసలు రోత విను. దీని ముందు ఓడలో వాంతులు నయం. నా బదులు గుంటూరు నుంచి వచ్చిన అర్చకుడు ఇక రానన్నాడు. మొన్న పెద్దలంతా పూర్ణచంద్రరావుగారి అరుగు మీద కూర్చున్నారు. నీకు దొరకని మందు నాకు కాఫీ చల్లారేలోపు దొరికింది. పుణ్యాహవాచనం, ఒక హోమం చాలునట. మీరు కావాలని దాటలేదు కదండి, అల్లుడుగారి మాట నమ్మి వెళ్లారు అంటూ ఆయన నవ్వారు. నాకు ఒళ్లంతా అసహ్యం వేసింది. మా తమ్ముడి మీద లేని దయ నా మీద ఎక్కణ్ణుంచి వచ్చిందండి అని అడిగేశాను. స్వామికి దీపం పెట్టే మనిషి లేడు గనక వచ్చింది, అంతే.

పిల్లలకు నా దీవెనలు చెప్పు.

ఇట్లు,
నీ అన్నయ్య
వెంకటరాఘవయ్య

తా.క. పైన రాసిందంతా మీ వదిన చదివింది. ఇది ఆవిడకీ తెలియదు. అల్లుడు పాపం అమాయకుడు. గోవా ఓడ ఎక్కుదామంటే, వద్దు శ్రీలంక పోయేదే కావాలని పట్టుబట్టింది నేను. సముద్రం దాటుతుందని తెలిసే, దాటడానికే ఎక్కాను. నీకు లేని మందు నాకూ వద్దు, నాకుంటే నీకూ ఉండాలి. రేపు ఈ మాట అరుగు మీద అందరి ముందూ చెబుతాను. వచ్చే ఆదివారం హోమానికి రెండు పీటలు వేయమంటాను. నువ్వు రాకపోయినా, వాళ్లు నీకు పీట వేయకపోయినా నేను కూర్చోను. గుడి తాళంచెవి వాళ్లకిచ్చేసి నీ హోటలుకొచ్చి చట్నీ రుబ్బుతాను.