గొట్టమా, పోర్టా

జూన్ 3, సోమవారం

డాక్టరమ్మ రెండు వస్తువులు టేబుల్ మీద పెట్టింది. ఒకటి పోర్ట్. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టి కుట్టేస్తారు. స్నానం చేయొచ్చు, ఆడుకోవచ్చు. కానీ మందెక్కించే ప్రతిసారీ సూది గుచ్చాలి. రెండోది సన్నటి గొట్టం. కొస బయట వేలాడుతుంటుంది. సూది అక్కర్లేదు. తడవకూడదు, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. కీమో ఆపడానికి లేదు, ఏది పెట్టాలో రేపు చెప్పమంది.

మా అమ్మాయి పిచ్చుకకు ఎనిమిదేళ్లు. బ్లడ్ క్యాన్సర్ అంటే తెలియదు, సూది అంటే తెలుసు. నరం దొరక్క రెండు చేతులూ కుళ్లబొడిచారు.

ఆయనకు ఫోన్ చేశాను. మీటింగట. "నీ ఇష్టం. నువ్వక్కడే ఉన్నావుగా" అన్నాడు.

జూన్ 4

గొట్టమే అన్నాను.

జూన్ 21, శుక్రవారం

సూది లేకుండా రక్తం తీశారు. పిచ్చుక నవ్వింది. స్నానం మాత్రం పెద్ద యుద్ధం. ప్లాస్టిక్ కవర్, టేపు, ఏడుపు. అత్తయ్య చూసి, ఆ వేలాడేదేమిటే, నేను చూడలేనమ్మా అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. వెళ్లిపోవడానికి అందరికీ ఏదో ఒక గది ఉంది.

జూలై 9

జ్వరం, వణుకు. గొట్టంలో ఇన్ఫెక్షన్. ఐసీయూ.

ఆయన వచ్చాడు. అందరి ముందూ అరిచాడు. "పోర్ట్ పెట్టిస్తే ఇలా అయ్యేదా? గొట్టం పెట్టించమని ఎవడు చెప్పాడు నీకు?"

ఏది పెట్టినా రావచ్చండీ, గొట్టంతో కాస్త ఎక్కువ, అంతే అంది డాక్టరమ్మ. ఆయన ఆ "కాస్త" దగ్గరే ఆగిపోయాడు. నేనూ అక్కడే ఆగిపోయాను.

జూలై 15, సోమవారం

గొట్టం తీసేశారు. జ్వరం దిగింది. ఇప్పుడు పోర్ట్. సంతకం ఆయన్నే పెట్టమన్నాను. పెన్ను పట్టుకుని డాక్టరమ్మను అడిగాడు, ఇది మూసుకుపోతే? ఇందులోనూ ఇన్ఫెక్షన్ వస్తే? వస్తే తీసి ఇంకోటి పెడతామంది. పెన్ను నా వైపు చాపాడు. "నువ్వే పెట్టు. ఇవన్నీ నాకేం తెలుసు?"

చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరికి పెట్టాడు. జాలి కలగలేదు. కలగాలని కూడా అనుకోలేదు.

జూలై 30

పోర్ట్‌కు మొదటి సూది. పిచ్చుక నా చెయ్యి వద్దంది, వాళ్ల నాన్న చెయ్యీ వద్దంది. "మీరిద్దరూ బయటికెళ్లండి. నర్సక్క చాలు."

కారిడార్‌లో ఒకటే బెంచీ ఉంది. ఇద్దరం నిలబడే ఉన్నాం.