తల వంచనందుకు తగిలిన బంతి

మైరీ,

నుదుటి మీద కుట్లు పడ్డాయి, అంతే. కంగారుపడకు.

మా చెల్లెలి ఊరి గోల్ఫ్ మైదానం చూడటానికి వెళ్ళాను. ఊరందరి కొండని ఒక ఆట మింగేసిందని నేను ఇన్నేళ్ళుగా పత్రికల్లో రాస్తున్నది దీని గురించే కదా! కొండ అందంగానే ఉంది, కాదనను. మైదానానికి అడ్డంగా పోయే పాత కాలిబాట మీద నిలబడి, క్లబ్బుకి పెద్ద అయిన మాంసం కొట్టు డూగల్‌తో వాదిస్తున్నాను. పైనుంచి ఎవరో "ఫోర్!" అని అరిచారు. బంతి మీదికొస్తోంది, తప్పుకోండని చెప్పే ఆ కేక వింటే ఇక్కడ కుక్కలు కూడా నేలకి కరుచుకుంటాయి. డూగల్ చటుక్కున వంగి, "తల దించవయ్యా, మొండి ఘటమా!" అన్నాడు.

"బాట నడిచేవాడిది! ఆడేవాడే ఆగాలి!" అన్నాను. బంతి ఆగలేదు.

కళ్ళు తెరిస్తే ఎదురుగా గోల్ఫ్ కర్రతో మన ఇష్‌బెల్! సెలవులొస్తే అత్త దగ్గరికి పరిగెత్తుకొచ్చేది ఇందుకన్నమాట. నీకు ముందే తెలుసా? నిజం చెప్పు.

"అందరూ వంగారు కదా, నువ్వెందుకు వంగలేదు నాన్నా?" అని ఒకటే ఏడుపు.

"ఊరి పిల్లల్లో దీని చెయ్యే చెయ్యి. నీ బుర్రే అడ్డొచ్చింది," అన్నాడు డూగల్.

ఇక ఆట ముట్టనంటోంది. నేను సంతోషించాలి కదా? నాకు ముద్ద దిగడం లేదు.

బొగ్గు దింపారా? చిన్నాడి దగ్గు తగ్గిందా? వాడికి నా ముద్దులు. పిల్లకి మాత్రం ఈరోజే రాయి, ఆట మానొద్దని. నేను ఎంత బతిమాలినా, "కట్టు విప్పాక మళ్ళీ వాదిస్తావులే," అంటోంది.

రోరీ