వంటింట్లో నీలం మరక

విజయవాడ,
8-2-1978

బాలశౌరి బావగారికి,

క్షేమసమాచారాలు అడగబుద్ధి కావడం లేదు. దీంతో పంపిన ఫొటో చూడండి. చీకట్లో నీలంగా మెరుస్తున్నది మీ వంటింటి నేల. మొన్న నేనొచ్చినప్పుడు మీరు లారీ వేసుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళారు. పొద్దుగూకాక కిటికీకి దుప్పటి కట్టి, దీపం ఆర్పి, నేలమీద మందు చల్లి, కెమెరాని పీటమీద పెట్టి తీశాను. ఏడాదిగా ఇంట్లో నా గదిలో ఇలా వెలిగే మందులనే సీసాల్లో కలిపి ఫొటోలు తీస్తున్నాను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి, నా దగ్గర మాయమాటలు సాగవు. ఈ మందు నెత్తురు తగిలితే వెలుగుతుంది. ఎంత కడిగినా వెలుగుతుంది.

మీరు తల పగలగొట్టారని అక్క చెప్పినప్పుడు, ఆలుమగల గొడవని పెద్దది చేసి చెబుతోందనుకున్నాను. ఇప్పుడు సాక్ష్యం దొరికింది. ఫాదర్ గారి ముందూ పెద్దల ముందూ పెడతాను. ఆ తర్వాత ఊళ్ళో ఎలా తలెత్తుకు తిరుగుతారో చూస్తాను.

ఇన్నయ్య


మొవ్వ,
20-2-1978

నా తెలివైన తమ్ముడు ఇన్నయ్యకు,

మరియతల్లి నిన్ను చల్లగా చూడాలి. నేను మాత్రం నీ మొహం చూడలేనంత కోపంగా ఉన్నాను.

నీ ఫొటో చూసి మీ బావ కంగారుపడలేదు. నవ్వాడు. ఆదివారం పూజ అయ్యాక గుడి అరుగుమీద పెద్దలకి తనే చూపించాడు. "బామ్మర్ది వచ్చాడని పుంజుని కోయించి, వంటింట్లో కూర్చుని ముక్కలు కొట్టిందండీ మా ఆవిడ. ఆ నెత్తురు చూసి నేను తల పగలగొట్టానంటన్నాడు. కోడి అవునో కాదో దాన్నే అడగండి" అన్నాడు. ఫాదర్ గారు నన్ను అడిగారు. అవునన్నాను. ఏం చెప్పమంటావు? నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకుని తిన్న కోడే అది! అందరూ పగలబడి నవ్వారు. కుట్ల మచ్చ చూపిద్దామని నేను ముసుగు తీయబోతే, "ఇంక చాల్లేవే అమ్మాయ్, పరువు పోద్ది" అని పక్కనున్న ఆదెమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. ఇక నేనేం చెప్పినా ఈ ఊళ్ళో అది కోడి కథే.

నా తల పగిలింది వంటింట్లో కాదురా, దొడ్లో, నూతి దగ్గర. అడిగితే చెప్పేదాన్ని. నేలంతా మందు చల్లి వెతికావు గానీ, ఒక్కసారి నా తలమీద చెయ్యి పెట్టి చూశావా?

నా కడుపుమంట ఈ ఫొటో ఒక్కదానికే కాదు. క్రిస్మస్ ముందు సంచీ పట్టుకుని నీ గుమ్మంలోకి వచ్చాను. జరిగిందంతా చెప్పాను. "ఆ గదిలో మందులున్నాయక్కా, వెలుతురు పడకూడదు, నీకు పడక కుదరదు" అని మళ్ళీ బస్సెక్కించావు. నాన్న కట్టిన ఇంట్లో సీసాలకి చోటుంది, నాకు లేదు. ఉయ్యూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను. నా మాట నమ్మడానికి నీకు సీసాలో నీళ్ళు సాక్ష్యం చెప్పాలా?

ఇప్పుడు అడగటం లేదు. శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను, మళ్ళీ మొవ్వ వెళ్ళను. ఆ గది ఖాళీ చెయ్యి. కిటికీకి అంటించిన నల్ల కాగితాలు పీకెయ్యి. దెబ్బ తగిలిన దగ్గర్నుంచి నాకు చీకటంటే భయం, దీపం ఆర్పితే నిద్ర పట్టదు. తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. నీ ఫిల్ములు పాడైతే పాడవనీ.

నీ అక్క,
శౌరమ్మ