మెంబ్రేన్‌కు మందు

ఏప్రిల్ 8

నేను నడిపే ఊరి మంచినీళ్ల ప్లాంట్‌లో నీళ్లు పిల్లాడు ఉచ్చ పోసినట్టు వస్తున్నాయి. ప్రెజర్ ముల్లు ఎర్ర గీత దాటింది. క్యాన్ల వరస బడి గోడదాకా పోయింది. అందరి కోపం నా మీదే, మోటారు నేనే తయారుచేసినట్టు.

సర్పంచి ముత్యాలప్ప వచ్చి, నీళ్లు యాడికి పోతాండాయమ్మా రేష్మా, అని గద్దించాడు. నెల కింద ఆయనే, కరువు సీమలో ఇన్ని నీళ్లు మోరీకి ఇడుస్తారా అని, వడపోతలో మిగిలిన ఉప్పునీళ్లు కాలవలోకి పోయే రిజెక్ట్ వాల్వు బిగించాడు. ఊరంతా మెచ్చుకుంది అప్పుడు.

ఏప్రిల్ 9, ఉదయం

నీళ్లు వడకట్టే మెంబ్రేన్‌ను యాసిడ్‌తో కడిగినా లాభం లేదు. కంపెనీ టెక్నీషియన్ సందీప్‌కు ఫోన్ చేశాను. మెంబ్రేన్ మీది తెల్ల పెచ్చు గీకి దానిమీద యాసిడ్ చుక్క వెయ్యక్కా, సున్నమైతే నురగొస్తాది అన్నాడు. వేశాను. నురగ రాలేదు.

అయితే సిలికా అన్నాడు. మన బండల కింది నీళ్లలో కరిగి ఉండేదేనట. వాల్వు బిగించేసరికి లోపల నీళ్లు చిక్కబడి, అది మెంబ్రేన్‌కు పట్టేసింది. యాసిడ్‌కు లొంగదు. గోరువెచ్చటి నీళ్లలో కాస్టిక్ సోడా కలిపి మెంబ్రేన్ గుండా తిప్పాలి. అయినా పోతుందని గ్యారంటీ లేదు. పోకపోతే కొత్త మెంబ్రేన్లు రావడానికి నెల పడుతుంది. అప్పటిదాకా ఫ్లోరైడ్ బోరు నీళ్లే.

మా పెద్దదాని పళ్ల మీద పసుపు గీతలు పడ్డాకే ఈ ప్లాంట్ వచ్చింది. చిన్నదానికి ఇప్పుడిప్పుడే పాలపళ్లు ఊడుతున్నాయి. నెల రోజులు నేను ఊరుకోలేను.

ఏప్రిల్ 10

నీళ్లు కాచే పని లేదు, ఎండలో పెట్టిన డ్రమ్ము చాలు. గ్లౌజులు వేసుకుని సోడా కలిపాను. తిప్పడం, నానబెట్టడం, మళ్లీ తిప్పడం. బయమ్మ బిందెతో వచ్చి, ఈపొద్దు నీళ్లు లేవా పాపా అంది. చేతినిండా పని. మెంబ్రేన్‌కు మందు పెట్టినా పెద్దమ్మా, రేపు రా, అన్నాను. ఆమె నా మొహం చూసి వెళ్లిపోయింది.

సాయంత్రం ఫ్లష్ చేశాను. సోడా ఉంటే రంగు మారే pH పేపర్ మామూలు రంగుకు వచ్చేదాకా వచ్చిన నీళ్లన్నీ మోరీకే వదిలాను. వాల్వు కూడా ఇప్పేశాను. ధార లావైంది! ఒక్కదాన్నే ఉన్నా చప్పట్లు కొట్టాను.

ఏప్రిల్ 11

నీళ్లకు ఒక్క క్యాన్ కూడా రాలేదు.

ఏప్రిల్ 12, మధ్యాహ్నం

ఇప్పుడు తెలిసింది. రేష్మా నీళ్లల్లో మందు కలిపిందంట అని ఊరంతా చెప్పుకుంటోంది.

మందు! నాకు మందంటే పైపులు కడిగేది. బయమ్మకు మందంటే, వేరుశనగ ఎండిన ఏడు ఆమె మొగుడు ఓబన్న చేనులో తాగిన పురుగుమందు. తెలిసీ ఆమె ముందు ఆ మాట ఎలా అన్నాను? నా నోరు పడిపోను.

ఆమె ఇంటికి పోయి సోడా, పేపరు, ఫ్లష్ అన్నీ చెప్పాను. చివరిదాకా విని, అదంతా నాకు తెల్దు పాపా, నీ బిడ్డకు తాపుతావా, అంది.

జనం రాకుంటే రేపు తాళం ఏపిస్తా, కరెంటు దండగ అంటున్నాడు ముత్యాలప్ప. వాల్వు బిగించిన చేతికి తాళం ఒక లెక్కా.

ఏప్రిల్ 13

చిన్నదాన్ని ప్లాంట్ దగ్గరికి తీసుకెళ్లాను. అందరూ చూస్తుండగా ముందు నేను తాగాను. ఎవరూ కదల్లేదు. దానికి గ్లాసు ఇచ్చాను. గటగటా తాగి, ఇంకా కావాలమ్మీ అంది. బయమ్మ దాన్నే చాలాసేపు చూసింది. తర్వాత బిందె తెచ్చి కుళాయి కింద పెట్టింది. ఆమె వెనకే మిగతావాళ్లు. ముత్యాలప్ప తాళం జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

అదే రోజు, సాయంత్రం

చిన్నది వాకిట్లో ఆడుకుంటోంది. నీళ్లు మంచివే. నేనే కడిగాను, నేనే పేపర్ ముంచి చూశాను. దాన్ని పిలిచి నోరు వాసన చూశాను. పంపేశాను. మళ్లీ పిలిచాను.