శ్మశానం మంజూరైంది

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన పునరావాస కాలనీకి శ్మశానం ఇమ్మని ప్రతి సోమవారం మార్కాపురం వెళ్లి అర్జీ పెట్టేవాడివి. అది రాకముందే పోయావు. నిన్ను డ్యాం నీళ్లలో మునగబోయే మన పాత ఊరికే మోసుకెళ్లి, అమ్మ పక్కన పూడ్చాం.

ఈ రోజు ఆఫీసరు కాలనీకి వచ్చి నీ పేరు పిలిచాడు. గుట్ట కింద స్థలం చూపించి, సమస్య తీరిందని నన్ను సంతకం పెట్టమన్నాడు.

"మా నాయనను పాత ఊర్లోనే పూడ్చినాం సార్. డ్యాం నీళ్లొస్తే ఏం జేయాల?" అన్నాను.

"అది వేరే సమస్యమ్మా. ఇంకో అర్జీ పెట్టుకో" అన్నాడు.

మిగతావాళ్లకైనా చోటు కావాలి కదా అని సంతకం పెట్టాను. మీ ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకోనివ్వమని కొత్త అర్జీ రాసిచ్చాను. విచారిస్తామన్నారు. పాత ఊర్లో నీళ్లు ఇప్పటికే మన చేను దాటాయి.